రాడారునకు దారి యిచ్చు రేడియో

నిజామాబాదు పట్టణము విడిచి బోధను వైపు సాగు బాటసారికి, మేడలమీదను ఇనుప స్తంభములమీదను పళ్లెములవంటి తెల్లని సాధనములు అక్కడక్కడ కానవచ్చును. ఒక చోటికి చేరిన ఇంటర్నెట్టును తీగ లేకుండ మరియొక గ్రామమునకు అందించు రేడియోలు ఇవి. ఫైబరు తీగ చేరని చోట, చేరియు తెగిన చోట, జనన మరణ ధ్రువపత్రములు, ఇంటి పన్ను రశీదులు, ఉపాధి హామీ లెక్కలు వీటిమీదనే నడచును.

ఇట్టి రేడియో ఒక్కొక్కప్పుడు ఉన్నట్టుండి మౌనము వహించి, కొంత సేపటికి మరల పలుకును. సభ్యులలో కొందరు దానిని లోపముగా నెంచి, "ఆ అడ్డు తీసివేయుడు" అని అమర్చినవారిని కోరుచుందురు. అట్లు కోరుట ఏల తగదో ఇచట వివరింతుము.

లైసెన్సు లేదు, హద్దు కలదు

1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువ క్రింది రైతులకు వంతు నీటి సంగతి చెప్పనక్కరలేదు. కాలువ అందరిది, కాని వంతు తప్పి తూము తెరచినచో చివరి మడి ఎండును. రేడియో తరంగముల సంగతియు అట్టిదే.

కేంద్ర ప్రభుత్వము 2018 అక్టోబరు 22న ప్రకటించిన నియమముల ననుసరించి 5150 నుండి 5350 వరకు, 5470 నుండి 5875 వరకు గల మెగాహెర్ట్జ్ పట్టీలను లైసెన్సు లేకుండ వాడవచ్చును. మొత్తము 605 మెగాహెర్ట్జ్. అయితే ఈ వాడుక ఇతరులకు అంతరాయము కలిగింపరాదు. తనకు రక్షణ కావలెనని అడుగరాదు. లైసెన్సు గలవారు ఫిర్యాదు చేసినచో స్థలము మార్చుట, శక్తి తగ్గించుట, వేరు రకపు యాంటెన్నా పెట్టుట వాడుకదారుని విధి. అప్పటికిని అంతరాయము తొలగనిచో రేడియోను నిలుపవలసి వచ్చును.

ఈ పట్టీలు కొన్ని రాడారులవి కూడ. వానను, గాలివానను కనిపెట్టు ఒక తరగతి వాతావరణ రాడారులు 5600–5650 ప్రాంతమున పనిచేయును. రాకెట్లను వెంబడించు కొన్ని రాడారులును ఈ చుట్టుపట్ల తరంగములనే వాడును. అందుచే 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సమావేశము 5250–5350, 5470–5725 పట్టీలను ఇట్టి రేడియోలకు ఇచ్చుచు, రాడారు కనబడిన తప్పుకొనవలెనని షరతు విధించెను.

తప్పుకొను విధము

రేడియో పలుకుటకు ముందు ఒక నిమిషము చెవియొగ్గి వినును. రాడారు ధ్వని లేనిచో మాట్లాడును, మాట్లాడుచును వినుచుండును. వినబడినచో పది సెకండ్లలో ఆ చానలు విడచి, ముప్పది నిమిషముల వరకు అచటికి తిరిగి రాదు. ఐరోపాలో 5600–5650 పట్టీయందు ముందుగా పది నిమిషములు వినవలెను. దేశము మారిన నియమము మారును గనుక, సాధనములో ఏ దేశము పేరు ఎన్నుకొనిరో అది ముఖ్యము. ఎక్కువ శక్తికై పరదేశపు పేరు పెట్టుట చట్టమునకు విరుద్ధము.

ఈ జాగ్రత్త లేనిచో ఏమగునో 2009లో పోర్టో రికో ద్వీపములోని సాన్ హువాన్‌లో తేలెను. విమానాశ్రయపు వాతావరణ రాడారునకు బయట అమర్చిన రేడియోలు అంతరాయము కలిగించెను. అట్టి అంతరాయము రాడారు తెరపై చక్రపు ఆకువంటి దొంగ వాన గీతగా కనబడును. ఆ దిక్కున నిజమైన గాలివాన మరుగుపడును. అమెరికా అధికారులు పలువురు వాడుకదారులకు జరిమానాలు విధించిరి.

పంచాయతీ చేయదగినది

రేడియో ఆగిన ప్రతిసారియు రాడారే కారణము కాదు. కరెంటు పోవుట, గాలికి పళ్లెము కదలుట, చెట్టు కొమ్మ అడ్డు వచ్చుట సామాన్యము. సాధనపు లోపలి దినచర్యలో కారణము వ్రాయబడియుండును; ముందు దానిని చూపుమని అడుగవలెను.

రాడారే కారణమైనచో, తప్పుకొను ఏర్పాటును తీసివేయక, 5725–5875 పట్టీలోని చానలునకు అనుమతించిన శక్తిలోపల మార్చుమని కోరవచ్చును. పట్టణములో ఆ పట్టీ రద్దీగానుండును గనుక ఇరుకు దిశలో ప్రసరించు పళ్లెము మేలు.

కొనునపుడు ఒప్పందములో మూడు మాటలు వ్రాయించుకొనవలెను: సాధనమునకు కేంద్ర టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగపు ఆమోదము కలదనియు, దేశము భారతదేశముగా అమర్చబడినదనియు, రాడారును గమనించు ఏర్పాటు పనిచేయుచున్నదనియు. ముఖ్యమైన లెక్కలకు కార్యాలయమందే ఒక ప్రతి ఉంచుకొనినచో, అర గంట మౌనము వలన ఎవరి పనియు చెడదు.

గాలివాన ముందుగా తెలిసినచో నూర్పిడి కళ్లములో ధాన్యము కప్పుకొనువారు మన రైతులే. వారికి ఆ హెచ్చరిక చేరుటకై మన రేడియో కొంత సేపు ఊరకుండుట నష్టము కాదని మేము విన్నవించుచున్నాము.