ఆది జాకెట్టు సరే... ఆది సైకిలు సంగతేమిటి?

జాకెట్టు గుడ్డ కొన్నాక దర్జీ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లేవాళ్లు మనలో ఎవరైనా ఉన్నారా? ఆది జాకెట్టు సంచిలో పడాల్సిందే. చంక దగ్గర అరంగుళం బిగుతైతే ఊరుకోం, విప్పించి మళ్లీ కుట్టించుకుంటాం. చెప్పుల షాపులో నాలుగు జతలు తొడిగి, అటూ ఇటూ నడిచి చూసిగానీ పర్సు తీయం. అలాంటి మనమే కూతురికి సైకిలు కొనేటప్పుడు ఏమడుగుతాం? గులాబీ రంగుదుందా, ముందు బుట్ట వస్తుందా, బెల్లు ఫ్రీయేనా... అంతే!

నేనూ అంతే చేశాను. మా పెద్దమ్మాయి ఏడో తరగతికి వచ్చిన ఏడాది, "పెరిగే పిల్ల కదా, కాస్త పెద్దది తీసుకుంటే ఇంటర్ దాకా పనికొస్తుంది" అని 26 సైజు సైకిలు కొనిపించాను. పట్టులంగాకి టక్కులు వేయించినట్టు సైకిలుకీ టక్కులుంటాయనుకున్నాను కాబోలు! షాపతను సీటు పూర్తిగా కిందికి దించి, "సరిపోయిందమ్మా, తీసుకెళ్లండి" అన్నాడు. తీసుకొచ్చేశాం. కొబ్బరికాయ కొట్టాం, బొట్టు పెట్టాం.

పురానాపూల్ తెలిసినవాళ్లకి మా దారులెలా ఉంటాయో చెప్పక్కర్లేదు. 1578లో కుతుబ్‌షాహీల కాలంలో మూసీ మీద కట్టిన పాత వంతెన ఇప్పుడు కూరగాయల బజారు. బళ్లన్నీ పక్కనున్న కొత్త వంతెన మీదే వెళ్లాలి. ఆటోలు, ట్రాలీలు, జియాగూడ వైపు మేకలతో వెళ్లే బండ్లు, మధ్యలో మనుషులు. ఎప్పుడు పడితే అప్పుడు ఆగాలి, కాలు కింద పెట్టాలి, మళ్లీ కదలాలి. మా పిల్లకి ఆగినప్పుడల్లా మునివేళ్లు తప్ప నేలకి ఆనేవి కావు. హ్యాండిలు దూరం కావడంతో పాకుతున్నట్టు ముందుకి వంగేది. బ్రేకు పట్టాలంటే వేళ్లు సాగదీయాలి. మూడో వారంలో దర్వాజా దగ్గర ముందున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. ఇది బ్రేకు వేసింది, కాలు పెట్టబోయింది, నేల అందలేదు. సైకిలుతో సహా పక్కకి పడింది. మోచెయ్యి చీరుకుపోయింది. వెనక వస్తున్న స్కూటరాయన పుణ్యాత్ముడు, సమయానికి ఆపాడు.

అప్పుడు నేను చేసిందేమిటో చెప్పనా? గాయం కడిగి, మందు రాసి, ఆపైన తిట్టాను. "చూసి తొక్కాలని తెలియదూ? నీ వయసులో నేను తాతయ్య సైకిలు మీద కైంచీ తొక్కాను తెలుసా!" అన్నాను. కైంచీ అంటే ఇప్పటి పిల్లలకి తెలియదనుకోండి. సీటెక్కితే పెడలు అందదు గనుక, కడ్డీ కింద నుంచి ఒక కాలు అవతలికి దూర్చి, వంకరగా వేలాడుతూ తొక్కడం. అదేదో ఘనకార్యమైనట్టు చెప్పాను.

సైకిలు మెట్ల కిందికి చేరింది. దాని హ్యాండిలుకి ఉల్లిపాయల సంచి తగిలించడం మొదలుపెట్టాం. చుట్టాలెవరైనా, "సైకిలు తొక్కవా అమ్మాయ్?" అంటే, "నాకు రాదు, నాకు భయం" అనేది. ఏడాదిపాటు అదే మాట. వింటూ ఊరుకున్నాను.

చక్రాల్లేని సైకిలు

మా అన్నయ్య కొడుకు సాఫ్ట్‌వేరు ఉద్యోగి. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సైకిలు దారి మీద శనాదివారాలు తొక్కుతుంటాడు. వాడు ఖరీదైన సైకిలు కొంటూ, "అత్తా, కొలతలు తీస్తారట, చూద్దువు రా" అని నన్నూ తీసుకెళ్లాడు. సైకిలుకి కొలతలేమిటని నవ్వుకుంటూనే వెళ్లాను.

అక్కడ నేలకి కదలకుండా నిలబెట్టిన ఒక వింత సైకిలు ఉంది. రోడ్డు మీద తిరిగే చక్రాలు లేవు. సీటు, హ్యాండిలు, పెడల్స్ మాత్రం ఉన్నాయి. ప్రతిదానికీ పక్కన స్కేలులా గీతలు, మిల్లీమీటర్లలో. సీటు పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ జరుగుతుంది. హ్యాండిలూ అంతే. తొక్కుతుంటే కాలికి బరువు తగిలే ఏర్పాటు కూడా ఉంది. మా వాడిని ఎక్కించి, తొక్కమని, కొలతలు తీసే కుర్రాడు పక్కన కూర్చుని ఒక్కొక్కటీ కొంచెం కొంచెం జరుపుతున్నాడు. పెడలు అడుగుకి వచ్చినప్పుడు మోకాలు ఎంత వంగుతోందో కోణమానినితో చూశాడు. 25 నుంచి 35 డిగ్రీల మధ్య వంపు ఉండాలట. మేస్త్రీలు గోడ నిలువు చూడటానికి గుండు వేలాడదీస్తారు చూడండి, అలాంటిదే మోకాలి దగ్గర నుంచి పెడలు మీదికి వేలాడదీశాడు. వంగినప్పుడు నడుము, మోచేతులు, మెడ ఎలా ఉన్నాయో చూశాడు. చివరికి మా వాడు, "ఆఁ... ఇక్కడ హాయిగా ఉంది" అన్నాడు. అక్కడ ఆపి, గీతల దగ్గరున్న అంకెలన్నీ రాసుకున్నాడు.

ఆ అంకెలే ఆది జాకెట్టు! వాటిని పట్టుకుని, ఏ కంపెనీ ఏ ఫ్రేము ఎంత ఎత్తు, ఎంత పొడుగో చూసి, దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుతారు. డబ్బున్నవాళ్లు ఆ కొలతకే ఫ్రేము చేయించుకుంటారు కూడాను.

"మీరూ కూర్చోండి మేడమ్" అన్నాడా కుర్రాడు. చుడీదార్ వేసుకుని వెళ్లడం మంచిదైంది. ఎక్కాను. సీటు కొంచెం పైకి లేపాడు, హ్యాండిలు దగ్గరికి తెచ్చాడు. నాలుగు తొక్కులు తొక్కేసరికి నాకు గుండె పట్టేసినట్టయింది. ఇంత తేలిగ్గా ఉంటుందా సైకిలు తొక్కడం? నా చిన్నప్పుడు ఒక్కసారీ ఇలా లేదే! పదో తరగతి తర్వాత నేనెందుకు మానేశానో అప్పుడు గుర్తొచ్చింది. మోకాళ్ల ముందు భాగంలో నొప్పి అనేదాన్ని. "ఆడపిల్లకి ఇంక సైకిలెందుకు" అంది మా అమ్మ. ఆ రెండో మాటే గుర్తుపెట్టుకుని, మొదటిది మర్చిపోయానన్నమాట. కైంచీ తొక్కిన వీరనారి చివరికి చేసిందీ మా అమ్మాయి చేసిందే.

"సీటు బాగా కిందికి ఉంటే మోకాలి ముందు నొప్పి, మరీ పైకి ఉంటే మోకాలి వెనక నొప్పి" అన్నాడతను, మామూలు విషయంలా.

ఫీజు విని మాత్రం కళ్లు తేలేశాను. మా అమ్మాయి సైకిలు ఖరీదులో సగం!

చక్రం కొలత వేరు, ఫ్రేము కొలత వేరు

ఇది నిన్నా మొన్నా పుట్టిన వింత కాదట. అమెరికాలో సెరోటా అనే ఫ్రేముల తయారీదారు కొన్ని దశాబ్దాల కిందటే ఇలాంటి కొలతల సైకిలు వాడుకలోకి తెచ్చాడు. అక్కడే జార్జినా టెరీ అని ఒక మెకానికల్ ఇంజనీరు, 1985లో ఆడవాళ్ల కోసమే సైకిళ్లు చేసే కంపెనీ పెట్టింది. ఆవిడ పట్టుకున్న కిటుకు నాకు భలే నచ్చింది. పొట్టివాళ్ల కోసం ఫ్రేము పొడుగు తగ్గిద్దామంటే ముందు చక్రం అడ్డొస్తుంది, మలుపు తిప్పినప్పుడు కాలివేళ్లకి తగులుతుంది. అందుకని ముందు చక్రాన్నే చిన్నది చేసింది! మనిషిని సైకిలుకి సరిపెట్టడం మాని, సైకిలుని మనిషికి సరిపెట్టింది. ఆడవాళ్లందరికీ ఒకే కొలతని కాదు సుమండీ. మా వీధిలోనే ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడుగు, ఇంకొకరికి నడుం పొడుగు. అందుకే ఎత్తు చూసి కొంటే చాలదు.

ఇంకో తిరకాసు ఉంది. షాపులో 24, 26 అని చెప్పేది చక్రం కొలత. మా నాన్న నల్ల సైకిలుని 22 అంగుళాలనేవారే, అది ఫ్రేము కొలత. సీటు గొట్టం ఎంత ఎత్తుందన్నది. ఆ రెండింటినీ కలిపేసుకుని మనం మోసపోతాం. సీటుని పైకీ కిందికీ జరపొచ్చు. కానీ సీటుకీ హ్యాండిలుకీ మధ్య దూరం ఫ్రేములోనే పుట్టి ఉంటుంది, దాన్ని మహా అయితే అంగుళమో అరంగుళమో మార్చగలం. లంగాకి టక్కు వేయొచ్చుగానీ, జాకెట్టు భుజం చిన్నదైతే చేసేదేముంది!

అయితే ఒక మాట. కొలత అంటే ఒళ్లు ఒక్కటే కాదు. 1990ల మొదట్లో తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు వేలమంది పల్లెటూరి ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ దాన్ని పట్టుబట్టి నడిపించింది. పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ అక్కడికి వెళ్లి రాశారు. వాళ్లలో చాలామంది లేడీస్ సైకిలు కాకుండా మగవాళ్ల సైకిలే కావాలన్నారట! ఎందుకంటే సీటు నుంచి హ్యాండిలుకి వెళ్లే కడ్డీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చు. నీళ్ల బిందె, పిల్లవాడు, పొలం పని... అవన్నీ కలిస్తేనే ఆ ఆడదాని కొలత. ఏ మిల్లీమీటర్ల స్కేలు మీదా అది ఉండదు.

బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిలు పథకం పెట్టారు. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ 'బడికొస్తా' అని ప్రభుత్వ బడుల ఆడపిల్లలకి సైకిళ్లు పంచారు. బీహారులో దానివల్ల హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య బాగా పెరిగిందని పరిశోధకులు లెక్కగట్టారు. చాలా మంచి పని. నా బాధల్లా ఒకటే. పంచే రోజున మంత్రులు, ఫొటోలు, దండలు... పక్కన పానా పట్టుకున్న మనిషి ఒక్కడుంటే! పిల్లకి ఐదు నిమిషాలు పట్టదు సీటు సరిచేయడానికి.

పానా, సుద్దముక్క

ఇంటికొచ్చి మా అమ్మాయితో, "ఆ రోజు తప్పు నీది కాదే" అన్నాను. అది అనుమానంగా చూసింది. ఏడాది ఆలస్యంగా చెబితే మరి ఎవరు నమ్ముతారు?

మా గల్లీ చివర సైకిలు రిపేరు చేసే చాచా ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. మెట్ల కింద నుంచి సైకిలు తీసి, దుమ్ము దులిపి, పిల్లని వెంటబెట్టుకుని వెళ్లాను. చక్రాల్లేని సైకిలు గురించి చెబితే నవ్వాడు. "గవన్నీ మిషన్లు అమ్మా. మాకైతే గీ చెయ్యే మిషన్" అన్నాడు. పిల్లని కూర్చోబెట్టి, మడమ పెడలు మీద పెట్టమన్నాడు. అడుగుకి వచ్చినప్పుడు కాలు నిటారుగా ఉండాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొంచెం వంగుతుంది, అదే సరైన ఎత్తు. తర్వాత పిల్ల మోచేతిని సీటు కొనకి ఆనించి, వేళ్లు హ్యాండిలు వైపు చాచమన్నాడు. చాలా దూరంలో ఆగిపోయాయి.

"బేటీది గల్తీ లేదమ్మా. ఫ్రేముదే గల్తీ. గిది బిడ్డకు రెండేండ్ల తర్వాత సైకిలు" అన్నాడు.

మా అమ్మాయి నా వైపు తిరిగి చూసిన చూపు ఉంది చూశారూ... సరే, అది మా తల్లీకూతుళ్ల సంగతి.

చాచానే జుమ్మేరాత్ బజారు నుంచి 24 చక్రాల పాత సైకిలు ఒకటి వెతికి తెచ్చాడు. ఫ్రేము పొట్టిది, నిగనిగలేం లేవు. కొత్త పాత సైకిళ్ల తేడా కింద మాదే అతని దగ్గరుంచుకుని కొంత డబ్బు తిరిగి ఇచ్చాడు. నేను కుర్రాడి దగ్గర నేర్చుకున్న లెక్క వేసి చూశాను. గోడకి ఆని, చెప్పుల్లేకుండా నిలబడి, కాళ్ల మధ్య ఒక పుస్తకం గట్టిగా పైకి పెట్టుకుని, నేల నుంచి పుస్తకం అంచు దాకా కొలవాలి. ఆ కొలతని 0.883తో హెచ్చవేస్తే, పెడల్స్ తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. మా అమ్మాయికి 70 సెంటీమీటర్లు, అంటే సీటు దాదాపు 62. చాచా మడమతో చూసి సుద్దముక్కతో పెట్టిన గీత టేపుతో కొలిస్తే 61 దగ్గరుంది! కొత్తగా తొక్కేవాళ్లకి సెంటీమీటరు కిందే మంచిదట, కాలు అందుతుంది. ధైర్యం వచ్చాక పెంచుకోవచ్చు.

మీరూ చేసి చూడండి. ఒక్క జాగ్రత్త చాచా పదేపదే చెప్పాడు. సీటు గొట్టం మీద కంపెనీవాళ్లు చెక్కిన ఒక గీత ఉంటుంది. ఆ గీత బయటికి కనబడేంత పైకి లాగకూడదు, గొట్టం విరుగుతుంది. సీటు అంతెత్తు కావాల్సి వస్తోందంటే ఫ్రేమే చిన్నదని అర్థం. హ్యాండిలు గొట్టానికీ అదే సూత్రం. బ్రేకు లివర్లు కూడా చిన్న చేతులకి దగ్గరగా తిప్పించుకోవచ్చు. ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే ఆ రోజు... సరేలెండి.

మొదటి వారం మా వారు వెంట నడిచారు. రెండో వారం వంతెన దాకా వెళ్లి వచ్చింది. ఇప్పుడు బడికి అదే వెళుతోంది. ఆటో డబ్బులు మిగులుతున్నాయి, వాటిని అదే లెక్కపెట్టి అడుగుతోంది కూడా! ఇంట్లో పెద్ద గొడవల్లా మా చిన్నాడితోనే. సాయంత్రం వాడు సీటు దించేసి తొక్కుకుని అలాగే వదిలేస్తాడు. పొద్దున్నే అది చిందులు. చివరికి మా అమ్మాయే ఉపాయం చేసింది. సీటు గొట్టం మీద తన కొలత దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీత గీసుకుంది.

మొన్న ఉగాది సెలవుల్లో చాచా దగ్గర బ్రేకులు బిగిస్తుంటే మోకాళ్లు మళ్లీ పైకి వస్తున్నాయని చూసి, ఆ గీతకి రెండు వేళ్ల పైన ఇంకో గీత పెట్టించాడు.