డ్రోను ఫొటోలో మీ గట్టు జరిగిందా?

గట్టు ఇక్కడుంటే పటంలో గీత అక్కడెందుకు పడింది? రీసర్వే పటం చేతికొచ్చిన రైతు ముందుగా చూడాల్సింది ఇదే.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో పొలాలను డ్రోన్లతో ఫొటోలు తీశారు. అలాంటి ఫొటోను కంప్యూటరులో దాని అసలు చోటున కూర్చోబెట్టాలి. ఆ లెక్క ఫొటోలోనే ఇమిడి ఉంటుంది, లేదా వెంట ఆరు వరుసల చిన్న ఫైలుగా ఉంటుంది. ఆ ఫైలు మరిచి ఫొటో ఒక్కటే కాపీ చేస్తే ఊరు ఊరంతా పోయి సున్నా దగ్గర కూర్చుంటుంది!

జోను తేడా ఇంకోటి. యూటీఎం లెక్కలో రాష్ట్రంలో ఎక్కువ భాగం 44వ జోను. అనంతపురం, హిందూపురం 43లోకి, టెక్కలి, సోంపేట 45లోకి వస్తాయి. జోను తప్పితే ఫొటో వందల కిలోమీటర్లు జరుగుతుంది. అది నయం, వెంటనే తెలిసిపోతుంది. చిక్కంతా మీటరు, అరమీటరు జరిగినప్పుడే. 100 మీటర్ల గట్టు ఒక్క మీటరు జరిగితే దాదాపు రెండున్నర సెంట్లు పోయినట్టే. ఎకరం రైతుకు అదేమన్నా తక్కువా?

కొలతల రోజున పొలంలో ఉండండి. గట్టును నమ్ముకోవద్దు, దున్నకాల్లో అదీ జరుగుతుంది. సర్వే రాయి, బావి ఒర, కల్వర్టు మూల వంటి కదలని గుర్తులను నాలుగు దిక్కులా చూపించి సరిచూడమనండి. అన్నీ ఒకే వైపు, ఒకే కొలతన జరిగితే తప్పు ఫొటో కూర్చోబెట్టడంలో ఉన్నట్టు. మీ ఒక్క గట్టే తేడాగా ఉంటే గీత గీయడంలోనో, పక్క రైతుతో హద్దులోనో చూసుకోవాలి. అభ్యంతరం నోటిమాటగా చెప్పి ఊరుకోక, కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకోండి.