గణన వెనక బొగ్గు

పదార్థం లేకుండా భావం లేదని సాహిత్యవిమర్శలో మనం పదేపదే చెప్పుకుంటాం. కంప్యూటర్ల దగ్గరికి వచ్చేసరికి ఆ మాటే మరిచిపోతాం. గణన ఎక్కడో మబ్బుల్లో జరిగిపోతుందనుకుంటాం. నిజానికి ప్రతి గణనా కరెంటు తింటుంది. యంత్రాలు వేడెక్కుతాయి. వాటిని చల్లబరచడానికి మళ్ళీ కరెంటు, నీళ్ళు కావాలి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఉన్న పాత కరీంనగర్ జిల్లాలోనే రామగుండం కూడా ఉండేది. అక్కడ ఎన్.టి.పి.సి. కేంద్రం 1983లో బొగ్గుతో కరెంటు తీయడం మొదలుపెట్టింది. కనుక బొగ్గు, బూడిద అంటే ఏమిటో ఈ ప్రాంతపు పాఠకులకు నేను వేరే చెప్పనక్కరలేదు. జగిత్యాల పక్కన పొలాసలో వరి పరిశోధన జరుగుతోంది. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. వంగడాల జన్యువులను పోల్చాలన్నా, పశురోగాల వ్యాప్తిని అంచనా కట్టాలన్నా ఇవాళ శాస్త్రానికి గణన తప్పదు. గణన మానేయమని నేనడం లేదు. దాని ఖర్చు దాచవద్దంటున్నాను.

ఈ ప్రశ్న రచయితలది కూడా. వెయ్యిమందికి పైగా పరిశోధకులు స్వచ్ఛందంగా కలిసి 2022లో ‘బ్లూమ్’ అనే భాషా నమూనాను తయారుచేశారు. అందులో తెలుగు కూడా ఉంది. ఫ్రాన్స్‌లో దానికి శిక్షణ ఇవ్వడానికి సుమారు 4,33,000 యూనిట్ల కరెంటు పట్టింది. అక్కడి కరెంటులో ఎక్కువ భాగం అణుకేంద్రాలది. అందువల్ల వెలువడిన బొగ్గుపులుసు వాయువు సుమారు 25 టన్నులే. యంత్రాల తయారీని, అవి ఖాళీగా ఉన్నప్పటి వాడకాన్ని కూడా కలిపితే 50 టన్నులు. మన దేశంలో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల వాయువు వెలువడుతుంది. అంటే అవే యూనిట్లు ఇక్కడ ఖర్చయితే 300 టన్నులు. పని ఒకటే, స్థలం మారితే భారం మారుతుంది.

ఈ లెక్క మనకు తెలిసిందంటే ఆ పరిశోధకులే బయటపెట్టారు గనక. అంతకుముందు 2019లో అమెరికాలో స్ట్రూబెల్, గణేశ్, మెకాలమ్ అనే ముగ్గురు, పరిశోధనాపత్రాల్లో శిక్షణకాలాన్ని కూడా ప్రకటించాలని కోరారు. 2021లో లానెలాంగ్, ఆయన సహచరులు ‘గ్రీన్ ఆల్గరిథమ్స్’ అనే పద్ధతిని అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఎన్ని గంటలు, ఎన్ని యంత్రాలు, ఏ ప్రాంతపు కరెంటు అని చెబితే అది భారాన్ని లెక్కగట్టి చూపుతుంది. మిగిలినవి ఇంటి పొదుపు వంటివే. ముందు చిన్న నమూనా మీద పరీక్షించి, తర్వాతే పెద్ద పని మొదలుపెట్టాలి. ఒకరు చేసిన గణనను నలుగురికీ పంచితే మిగతావారు మళ్ళీ చేయనక్కరలేదు.

అయితే లెక్క చెప్పినంత మాత్రాన బొగ్గు తగ్గదు. ఆదా అయిన కరెంటుతో ఇంకా పెద్ద యంత్రం నడిపితే మొదటికే వస్తాం. ఎవరి అవసరానికి, ఎవరి నిర్ణయంతో ఈ గణన అన్నదే అసలు ప్రశ్న. సిరిసిల్లలో కరెంటు పంపిణీ చేసేది వినియోగదారులే సభ్యులుగా ఉన్న సహకార సంఘం. సాంచెలు నడిపే ఆసామికి నెల బిల్లెంతో, ఎన్ని మీటర్ల బట్ట దిగిందో తెలుసు. ఆ పాటి జవాబుదారీతనం విశ్వవిద్యాలయాలను అడగడం అత్యాశ కాదు.

కవిత చివర తేదీ, ఊరు రాసుకునే అలవాటు మనకుంది. యంత్రసహాయంతో భాషాపరిశోధన చేసే విద్యార్థులు తమ సిద్ధాంతవ్యాసం చివర అయిన యూనిట్లెన్నో, ఆ కరెంటు ఎక్కడిదో కూడా రాయాలి. అడగడం మన పత్రికలతోనే మొదలుకావాలి.