గాలి పడవ కృష్ణ దాటాలంటే

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు గట్లు తెగి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట వీధులు ఏరులయ్యాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గరికి కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కులతో వచ్చింది. అంటే సెకనుకు మూడు కోట్ల ఇరవై లక్షల లీటర్ల నీరు. 2009 అక్టోబరు వరద రికార్డు చెరిగిపోయింది. ఎగువన కట్లు తెంచుకున్న బరువైన ఇనప పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీని ఢీకొని, గేట్ల కౌంటర్‌వెయిట్లను దెబ్బతీశాయి. అదే సమయంలో ఊళ్లోకి లారీల మీద మడతపెట్టి తెచ్చిన రబ్బరు పడవలు గాలి పోసుకుని, మేడల మీద చిక్కుకున్న పసిపిల్లల్నీ ముసలివాళ్లనీ ఒడ్డుకు చేర్చాయి. ఈ తేలిక పడవ ఎలా పుట్టిందో, దేనికి ఓర్చుకుంటుందో, దేనికి ఓర్చుకోదో కృష్ణా తీరం వాళ్లం తప్పక తెలుసుకోవాలి.

గాలిని నమ్మి నీళ్లలో దిగడం పాత సంగతే. క్రీస్తుకు పూర్వం తొమ్మిదో శతాబ్దపు అస్సీరియా శిల్పాల్లో సైనికులు ఊదిన తోలు తిత్తుల్ని పొట్టకింద పెట్టుకుని నది ఈదుతూ కనిపిస్తారు. మన కృష్ణ ఎగువన జాలర్లు నడిపే పుట్టిలో గాలి తిత్తి లేదు గానీ, ఒక్క మనిషి నెత్తిన పెట్టుకుని పోగలిగే పడవ కావాలన్న కోరిక మాత్రం అందులోనూ ఉంది. ఆ కోరిక యంత్రంగా మారడానికి రబ్బరు గుడ్డ రావలసి వచ్చింది. 1823లో చార్లెస్ మాకింటోష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పూత పెట్టి నీరు దిగని బట్ట చేశాడు. ఎండకు జిగురై, చలికి పెళుసయ్యే ఆ రబ్బరును గంధకంతో ఉడికించి గట్టిపరిచే పద్ధతి 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్‌కు దొరికింది.

1840ల్లో బ్రిటిష్ నౌకాదళ లెఫ్టినెంట్ పీటర్ హాల్కెట్ ఒక విచిత్రమైన కోటు కుట్టించాడు. తొడుక్కుంటే వానకోటు, ఊదితే పడవ. జేబులో ఊదే తిత్తి, ఇంకో జేబులో తెడ్డు రెక్కలు, చేతికర్రే తెడ్డు కాడ, గొడుగు తెరచాప. హాల్కెట్ తెలివి అసలు కనిపించేది మాత్రం లోపలి అరల్లో. గాలిని ఒకే సంచిలో పొయ్యకుండా నాలుగు వేర్వేరు అరలుగా విడగొట్టాడు. ఒకటి చిల్లుపడినా మిగతావి మనిషిని మోస్తాయి. నౌకాదళ పెద్దలు చాలా తెలివైన వస్తువని మెచ్చుకుంటూనే, నౌకాదళంలో వాడకానికి పనికిరాదని 1845లో తేల్చేశారు. జాన్ రే అనే వైద్యుడు మాత్రం దాన్ని ఆర్కిటిక్ మంచు సీమకు పట్టుకెళ్లి నదులు దాటాడు. నూట ఎనభై ఏళ్లు గడిచినా ఇవాళ్టి రక్షణ పడవలో ప్రాణం నిలిపేది ఆ అరల ఆలోచనే.

ఆ తర్వాతి మలుపు ఆకాశం వైపు నుంచి వచ్చింది. ఫ్రాన్సులో గాలి ఓడలు తయారుచేసే జోడియాక్ కంపెనీలో పియెర్ దెబ్రుతెల్ అనే ఇంజనీరు 1930ల్లో ఆ గుడ్డతోనే పడవలు కుట్టే పనిలో పడ్డాడు. రెండు పక్కలా లావుపాటి గొట్టాలు ముందు కలిసి, వెనక చెక్క పలక, దానికి ఇంజను. ఇప్పుడు జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్‌డీఆర్‌ఎఫ్) వాళ్లు దింపే పడవ ఆకారం అదే. 1952లో ఆలేన్ బొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు నాలుగున్నర మీటర్ల జోడియాక్ పడవలో ఒంటరిగా అట్లాంటిక్ దాటాడు; అక్టోబరులో కెనరీ దీవుల్లో బయల్దేరి డిసెంబరు 23న బార్బడోస్ చేరాడు. గాలి పడవకు అంతటి పేరు మరెవరూ తేలేదు.

అదే బొంబార్ 1958లో ఫ్రాన్సు తీరాన ఎతెల్ రేవు మొగ దగ్గర గాలి తెప్పను పరీక్షించబోయాడు. మొగలో ఇసుక తిప్ప మీద విరిగే అలలు తెప్పను బోల్తా కొట్టించాయి. కాపాడబోయిన లైఫ్‌బోటు కూడా తిరగబడింది. మొత్తం తొమ్మిది మంది చనిపోయారు. మహాసముద్రాన్ని దాటినవాడిని రేవు మొగ ఓడించింది. మన హంసలదీవి, నాచుగుంట, ఎదురుమొండి వైపు నది సముద్రంలో కలిసే చోట్లన్నిటికీ ఈ కథ సొంత కథే. పాటు మీద నది నీరు బయటికి పరిగెడుతుంటే ఎదురుగా సముద్రపు అల వస్తుంది. రెండూ ఎదురుపడిన చోట అల పొట్టిగా, నిటారుగా లేచి విరుగుతుంది. తేలికైన పడవకు అంతకంటే చెడ్డ నీరు లేదు. పోటు నిండి నీరు నిలకడ పట్టిన కాసేపు చూసుకుని దాటాలి. అమావాస్యకూ పున్నమికీ పోటుపాట్లు రెండూ బలంగా ఉంటాయని నాగాయలంక జాలరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. లంకలకు బయటినుంచి వచ్చిన రక్షణ దళానికి మాత్రం చెప్పాలి.

ఇక బ్యారేజీ ఎగువన దాటే మాట. గేట్లు మూసి ఉన్నప్పుడు కృష్ణ చెరువులా నిలబడి ఉంటుంది. 12 అడుగుల మట్టం, 3.07 టీఎంసీల నీరు. ఆ ప్రశాంతత చూసి కృష్ణను అంచనా కట్టడం ప్రమాదం. విజయవాడలో చినుకు పడకపోయినా ఎగువన పులిచింతల నుంచి నీరు వదిలితే, మున్నేరు పొంగితే ఇక్కడ డెబ్భై గేట్లూ ఎత్తక తప్పదు. కాబట్టి పడవ దింపేముందు ఆకాశం కంటే ముందు గేట్ల సంగతి కనుక్కోవాలి.

లెక్క చూద్దాం. నది వెడల్పు 1,200 మీటర్లు, పడవ వేగం సెకనుకు 3 మీటర్లు, ప్రవాహం సెకనుకు 1 మీటరు అనుకుందాం. అవతలి రేవుకు తిన్నగా గురిపెట్టి నడిపితే 400 సెకన్లు పడుతుంది. ఆ లోపు పడవ దిగువకు 400 మీటర్లు జారిపోతుంది. ఎదురు రేవులోనే దిగాలంటే అణియాన్ని, అంటే పడవ ముందు కొసను, ఎగువకు దాదాపు 20 డిగ్రీలు తిప్పి పట్టుకోవాలి. ప్రయాణం అరనిమిషం కూడా పెరగదు. ఇప్పుడు ప్రవాహాన్ని సెకనుకు ఒకటిన్నర మీటర్లు చేసి, ఇంజను తీసేసి ఇద్దరి చేత తెడ్లు వేయించండి. తెడ్ల వేగం సెకనుకు మీటరే అయితే, ఎటు తిప్పినా దిగువకు జారక తప్పదు. నడి ఏట్లో ఇంజను ఆగితే పది నిమిషాల్లో పడవ 900 మీటర్లు పోతుంది. అక్కడ ఏముందో బయల్దేరకముందే తెలియాలి. బ్యారేజీ ఉంటే ఆ దారి వద్దు. ఎత్తిన గేటు కింద నుంచి దూసుకుపోయే నీటికి పడవను మింగడానికి ఒక్క క్షణం చాలు. గేట్లకు దిగువన కూడా నీరు గుండ్రంగా తిరుగుతూ తేలేవాటిని వెనక్కి లాక్కుంటుంది.

ఎండ సంగతి చాలామందికి తట్టదు. ఈ గొట్టాల్లో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి మూడున్నర పౌన్లు, కారు టైరులో ఉండేదానిలో పదో వంతు. 27 డిగ్రీల తెల్లవారుజామున ఊదిన పడవను రేవు మెట్ల మీద ఎండలో వదిలేస్తే, లోపలి గాలి 57 డిగ్రీలకు కాగినప్పుడు ఆ ఒత్తిడి ఒకటిన్నర రెట్లు అవుతుంది. అతుకుల మీద భారమంతా పడుతుంది. తిరగేసి చూస్తే, మండుటెండలో బిగువుగా ఊదిన పడవ చల్లటి నీళ్లలో దిగ్గానే మెత్తబడుతుంది. అప్పుడు మళ్లీ పంపు వెయ్యాలి. బెజవాడ ఎండలో ఈ రెండో తనిఖీ మానకూడదు.

మునిగిన వీధిలో శత్రువులు వేరు. నీటి కింద ప్రహరీల మీద గాజు పెంకులు, గేట్ల శూలాలు, మునిగిన కార్లు, ప్రొపెల్లర్‌కు చుట్టుకునే చీరలూ సంచులూ. గొట్టం చిల్లుపడితే హాల్కెట్ అరలు ఆదుకుంటాయి. 4.2 మీటర్ల పడవ గొట్టాల్లో సుమారు ఒకటిన్నర ఘనపు మీటర్ల గాలి ఉంటుందనుకుంటే అది ఒకటిన్నర టన్నులు మోస్తుంది. మూడో వంతు గాలి పోయినా ఒక టన్ను మిగులుతుంది. పదిమంది మనుషులు, ఇంజను, పడవ కలిపి తొమ్మిది వందల కిలోల లోపు. ఇరవై మందిని ఎక్కించారంటే ఆ మిగులు పోయినట్టే. 2017 నవంబరు 12న, కార్తిక ఆదివారం, పవిత్ర సంగమం దగ్గర తిరగబడిన పడవ రబ్బరుది కాదు. కానీ అందులో మనుషులు ఎక్కువ, లైఫ్ జాకెట్లు లేవు. ఇరవై మందికి పైగా పోయారు. ఏ రకం పడవైనా ఆ రెండు తప్పులకూ శిక్ష ఒకటే.

అడుగుభాగం చరిత్ర వేరే ఉంది. 1960ల్లో వేల్స్‌లోని అట్లాంటిక్ కాలేజీలో విద్యార్థులు గాలి పడవల్ని గులకరాళ్ల ఒడ్డున ఈడ్చి ఈడ్చి అడుగు గుడ్డ చిరుగుతోందని ప్లైవుడ్ పలక అతికించారు. దాంట్లోంచే గట్టి అడుగు ఉన్న గాలి పడవ పుట్టింది. వాళ్ల పెద్ద, రిటైర్డ్ అడ్మిరల్ డెస్మండ్ హోర్, ఆ పేటెంటును 1973లో బ్రిటిష్ లైఫ్‌బోటు సంస్థకు ఒక్క పౌనుకు ఇచ్చేశారు. సముద్రపు అలల మీద దానికి సాటి లేదు. కానీ అది మడతపడదు, ఇరుకు సందుల్లోకి భుజాల మీద మోసుకుపోలేం. సింగ్ నగర్‌కు పాత మెత్తటి పడవే సరి, మొగ దగ్గరికి గట్టి అడుగుదే సరి.

గన్నవరం దగ్గర కొండపావులూరులో ఎన్‌డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్ ఉండటం కృష్ణా జిల్లాకు పెద్ద అండ. అయినా బుడమేరు గట్టు తెగినప్పుడు మొదటి గంటల్లో దగ్గర ఉండేది ఆ వీధి కుర్రాళ్లే, లంకల్లో అయితే జాలర్లే. వాళ్ల చేతికి గాలి పడవలు అందాలి. పడవతో పాటు పంపు, పట్టీలు, జిగురు, మనిషికొక లైఫ్ జాకెట్, సరంగు మణికట్టుకు కట్టుకుని నీళ్లలో పడితే ఇంజను ఆపేసే తాడు కూడా. ఏటా జ్యేష్ఠంలో, వానలు దిగకముందే, గొట్టాలు ఊది ఒక రాత్రంతా వదిలెయ్యాలి. తెల్లారి మెత్తబడిన అర ఏదో వెతికి పట్టీ వేసి, ఉప్పు కడిగి, నీడన ఆరబెట్టి, ఎలుకలు చేరని చోట మడతపెట్టాలి. ఇంజను నెలకోసారి తొట్టి నీళ్లలో నడపాలి. ఈ పనికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టమని ప్రతి లంక పంచాయతీ అడగాలి, ఈ వేసవిలోనే.