కొల్లేరులో భూమి ఎవరిది? కాంటూరు, జిరాయితీ, డి-పట్టా సింపుల్‌గా

ద్వారకా తిరుమల నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్ టాపిక్ మీరు అడిగిందే. "బ్రో, కైకలూరు వైపు చేపల చెరువు లీజుకి వస్తోంది, నలుగురం కలిసి తీసుకుందాం అనుకుంటున్నాం, అది అభయారణ్యంలో ఉందంటున్నారు, ఏం చెయ్యాలి?" ఈ ఒక్క ప్రశ్న రకరకాలుగా చాలామంది అడిగారు. అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పేసే ప్రశ్న కాదండి ఇది. ముందు కొల్లేరులో భూమి లెక్క ఎలా ఉంటుందో అర్థం కావాలి. ఒక పావుగంట ఓపిక పట్టండి.

మా ద్వారకా తిరుమల మెట్ట ప్రాంతం. ఇక్కడి నుంచి కిందకి దిగి ఏలూరు దాటితే నేల పళ్లెంలాగా లోతవుతుంది. ఒక పక్క కృష్ణా డెల్టా, ఇంకో పక్క గోదావరి డెల్టా, మధ్యలో ఆ పళ్లెం. అదే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటి వాగులన్నీ వచ్చి అందులో పడతాయి. బయటికి వెళ్లే దారి ఒక్కటే, ఉప్పుటేరు. అది సముద్రంలో కలుస్తుంది. వచ్చే దారులు చాలా, పోయే దారి ఒకటి. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇప్పుడు కాంటూరు. వార్తల్లో "ప్లస్ 5 కాంటూరు", "ప్లస్ 3 కాంటూరు" అని వింటుంటారు కదా. పెద్ద విషయమేం కాదు. సముద్ర మట్టం కంటే 5 అడుగుల ఎత్తు వరకు నీళ్లు నిండితే సరస్సు అంచు ఎక్కడికి వస్తుందో, ఆ గీతే ప్లస్ 5. పళ్లెం పల్చగా ఉంది కాబట్టి నీళ్లు ఒక్క అడుగు పెరిగినా అంచు చాలా దూరం జరుగుతుంది. ప్లస్ 10 దగ్గర కొల్లేరు సుమారు 901 చదరపు కిలోమీటర్లు. ప్లస్ 5 దగ్గర సుమారు 308. ప్లస్ 3 దగ్గర సుమారు 135. అంటే ఆ 2 అడుగుల తేడాలో సగం కంటే ఎక్కువ సరస్సు పోతుంది. కొల్లేరు రాజకీయం మొత్తం ఈ 2 అడుగుల మీదే నడుస్తోంది.

సరే, ఈ భూమి ఎవరిది? మూడు రకాలు.

ఒకటి, ప్రభుత్వ భూమి. సరస్సు నేల, పోరంబోకు.

రెండు, జిరాయితీ. అంటే సొంత పట్టా భూమి. 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చాక సర్కారు సెటిల్‌మెంట్ ఆఫీసర్లని పెట్టి, ఏ భూమి ఎవరు సాగు చేస్తున్నారో విచారించి రైత్వారీ పట్టాలు ఇచ్చింది. "సెటిల్‌మెంట్" అనగానే మనకి సినిమాల్లో సుమోలు గుర్తొస్తాయి. కానీ రెవెన్యూ భాషలో సెటిల్‌మెంట్ అంటే హక్కు ఎవరిదో తేల్చి రికార్డులో రాయడం.

మూడు, డి-పట్టా. భూమి లేని పేదలకి సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమి. సాగు చేసుకోవచ్చు, పిల్లలకి ఇవ్వచ్చు. అమ్మడానికి లేదని 1977 అసైన్డ్ భూముల చట్టం చెప్పింది. కొన్నవాడికి హక్కు రాదని కూడా అప్పట్లో అందులో ఉంది.

ప్లస్ 5 లోపల జిరాయితీ సుమారు 15 వేల ఎకరాలు, డి-పట్టా సుమారు 5,500 ఎకరాలు ఉన్నాయని లెక్క. మొత్తం అభయారణ్యం సుమారు 77 వేల ఎకరాలు. అంటే నాలుగో వంతు కంటే ఎక్కువ భూమి మీద ఎవరో ఒకరి చేతిలో కాయితం ఉంది.

ఇంకో సంగతి. 1970లలో జలగం వెంగళరావు గారి ప్రభుత్వమే లంక గ్రామాల మత్స్యకారులతో సహకార సంఘాలు పెట్టించి, సరస్సులో చేపల చెరువులు తవ్వించింది. అప్పటికి అది పేదల పథకం. తర్వాత చేపకి రేటు వచ్చింది, బయట నుంచి పెట్టుబడి వచ్చింది. సంఘాల చెరువులు కాయితం మీద సంఘాలవే, గట్టు మీద మాత్రం లీజుదారుల షెడ్లు. కొల్లేరులో పుట్టి పెరిగిన వడ్డి కులస్తులు చాలామంది తమ పేరు మీద ఉన్న చెరువు దగ్గరే కూలికి వెళ్లే పరిస్థితి వచ్చింది.

అప్పుడు 1999 అక్టోబరులో జీవో 120. ప్లస్ 5 వరకు మొత్తం వన్యప్రాణి అభయారణ్యం అని ప్రకటించారు. సంప్రదాయ పద్ధతిలో వలలు, మావులతో చేపలు పట్టుకోవచ్చు, పట్టా భూమిలో మామూలు వ్యవసాయం చేసుకోవచ్చు, చేపల చెరువులు మాత్రం కుదరవు. 2002లో రామ్‌సార్ జాబితాలోకి కూడా ఎక్కింది. రామ్‌సార్ అనేది ఇరాన్‌లో ఒక ఊరు. చిత్తడి నేలల్ని కాపాడుకుందామని 1971లో దేశాలు అక్కడ ఒప్పందం చేసుకున్నాయి.

ఇక్కడే అసలు చిక్కు. నేను కోడ్ రాసుకునేవాణ్ణి కాబట్టి నా భాషలో చెప్తాను. ఒకే టేబుల్, ఒకే రో. రెవెన్యూ శాఖ అందులో "ఓనర్: ఫలానా రైతు" అని రాసింది. అటవీ శాఖ అదే రోలో "అభయారణ్యం: అవును" అని రాసింది. రెండు ఎంట్రీలూ చెల్లుతాయి. మధ్యలో ఈ రెండింటినీ కలిపి తేల్చే ప్రాసెస్ ఒకటి ఉండాలి. చట్టంలో అది ఉంది కూడా.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వరస ఇలా ఉంటుంది. సెక్షన్ 18 కింద ఫలానా ప్రాంతాన్ని అభయారణ్యం చేయాలనుకుంటున్నాం అని ప్రకటన. తర్వాత కలెక్టరు ఆ ప్రాంతంలో ఎవరికి ఏ హక్కు ఉందో విచారించాలి, హక్కులు చెప్పుకోమని ఊళ్లల్లో తెలుగులో ప్రకటన వెయ్యాలి. హక్కు నిజమని తేలితే సెక్షన్ 24లో మూడు దారులు: ఆ భూమిని అభయారణ్యం హద్దు నుంచి తీసెయ్యడం, పరిహారమిచ్చి తీసుకోవడం, లేకపోతే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌తో సంప్రదించి ఆ హక్కు కొనసాగనివ్వడం. చూశారా, ఇదీ సెటిల్‌మెంటే. కొల్లేరులో నోటిఫికేషన్ వచ్చింది, బోర్డులు లేచాయి, జిరాయితీ భూములకి పరిహారమిచ్చి తీసుకోవడం మాత్రం పూర్తి కాలేదు. రైతు దగ్గర పట్టా ఉంది, పరిహారం లేదు, చెరువు వేసే వీలూ లేదు.

2006లో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, దాని సెంట్రల్ ఎంపవర్డ్ కమిటీ ఆదేశాలతో "ఆపరేషన్ కొల్లేరు" జరిగింది. వైఎస్ రాజశేఖర్ రెడ్డి గారి ప్రభుత్వం. పొక్లెయిన్లు దిగాయి, గట్లు తెగాయి. పెద్ద పెట్టుబడిదారుడి చెరువు పోయింది, సంఘంలో సభ్యుడైన పేదవాడి చెరువూ పోయింది. పెట్టుబడిదారుడు ఇంకో మండలంలో చెరువు వేసుకోగలడు. లంకలో పుట్టినవాడు ఎక్కడికి పోతాడు?

2008లో అసెంబ్లీ ఏకంగా తీర్మానం చేసింది, ప్లస్ 5 నుంచి ప్లస్ 3కి తగ్గించమని. మరి తగ్గలేదేం? ఒకప్పుడైతే హద్దు మార్చడానికి రాష్ట్ర శాసనసభ తీర్మానం చాలు. 2003లో అమల్లోకి వచ్చిన సవరణతో ఆ అధికారం మారిపోయింది. ఇప్పుడు జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫార్సు కావాలి. పైగా సుప్రీంకోర్టు 2000లోనే తన అనుమతి లేకుండా అభయారణ్యాల్ని డీ-నోటిఫై చెయ్యొద్దని ఆదేశించింది. అంటే ఎన్నికల్లో ఎవరైనా మైకు పట్టుకుని "మేమొస్తే ప్లస్ 3 చేసేస్తాం" అంటే, అది అమరావతిలో అయిపోయే పని కాదని మీకు తెలిసుండాలి. తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కూడా హద్దు తగ్గించొద్దనే చెప్పింది, పట్టా భూముల వాళ్లకి పరిహారం ఇమ్మంది. 2025లో కూడా కొల్లేరు గొడవ సుప్రీంకోర్టులో నడుస్తూనే ఉంది.

"ఆటపాకలో గూడబాతుల కోసం మనుషుల్ని ముంచుతారా?" అని ఒక మాట వినిపిస్తుంది. పక్షుల్ని కాసేపు పక్కన పెట్టండి. నేను మొదట్లో చెప్పింది గుర్తుందా, వచ్చే దారులు చాలా, పోయే దారి ఒకటి. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు చివరికి వచ్చేది కొల్లేరుకే. పళ్లెంలో గట్టు మీద గట్టు కడితే నీళ్లు నిలవడానికి చోటు తగ్గుతుంది. ఆ నీళ్లు మళ్లీ లంక ఊళ్ల ఇళ్లల్లోకే వస్తాయి. కాబట్టి ఇది మనుషులకీ పక్షులకీ మధ్య గొడవ కాదు. సరస్సు ఉండాలి. దాని కోసం భూమి వదులుకునేవాడికి దాని విలువ అందాలి. మొదటి పని కోర్టు చేయించింది. రెండో పని ఫైళ్లలో ఉండిపోయింది.

ఇప్పుడు మీ ప్రశ్నకి వద్దాం, లీజు తీసుకోవచ్చా? నాలుగు పనులు చెయ్యండి.

మొదటిది, సర్వే నంబరు అడగండి. "మా మావయ్య చెరువు, ఏం కాదు" అంటే కుదరదు, నంబరు కావాలి.

రెండోది, ఫోన్‌లో మీభూమి ఓపెన్ చేసి అడంగల్, వన్-బీ చూడండి. జిరాయితీనా, అసైన్డా, పోరంబోకా తెలుస్తుంది. నిషేధిత భూముల 22ఏ జాబితాలో ఉందేమో కూడా చూడండి.

మూడోది, ఆ నంబరు ప్లస్ 5 లోపల ఉందా బయట ఉందా అని అటవీ శాఖ దగ్గర రాతపూర్వకంగా అడగండి. మీభూమిలో పేరు కనిపించినంత మాత్రాన చాలదు, ఇందాక చెప్పాను కదా, ఒకే రోలో రెండు ఎంట్రీలు.

నాలుగోది, సెక్షన్ 20 గుర్తుపెట్టుకోండి. సెక్షన్ 18 ప్రకటన వచ్చాక ఆ ప్రాంతంలో వారసత్వంగా తప్ప కొత్తగా ఏ హక్కూ రాదు. స్టాంపు పేపరు మీద లీజు రాసుకుని, పెద్దమనుషుల సంతకాలు పెట్టించుకున్నా, లోపల భూమి అయితే ఆ కాయితానికి బలం లేదు. పొక్లెయిన్ వచ్చిన రోజు ఆపమని అడగడానికి మీకు ఆధారమే ఉండదు.

ఇక మీది కొల్లేరు ఊరే, ఇంట్లో తాతల నాటి జిరాయితీ పట్టా ఉంది అంటే మీ పని వేరు. ఆ పట్టా, పాత శిస్తు రసీదులు, పాత అడంగల్ నకళ్లు అన్నీ స్కాన్ చేసి దాచండి, ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకండి. పరిహారం మాట వచ్చిన రోజు లైన్లో ముందు నిలబడేది కాయితం ఉన్నవాడే. దళారీ వచ్చి "ఎలాగూ పోయే భూమి, ఎకరానికి ఇంత ఇస్తా" అంటే తొందరపడి వేలిముద్ర వెయ్యొద్దని ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి.

కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వెళ్లినప్పుడు రోడ్డుకి రెండు పక్కలా చూడండి. ఎక్కడ సరస్సో, ఎక్కడ చెరువో, ఎక్కడ ఎవరి పట్టానో కంటికి తెలియదు. కాయితం మీద తేలాలి, అది తేల్చమని అడగాల్సింది మనమే. సర్వే నంబరు చూడటం ఎక్కడైనా ఆగిపోతే అడగండి, దాని మీద ఇంకో ఎపిసోడ్ చేద్దాం. ఉంటానండి మరి.