మొదటి గంటలో మన చేతులు

బహదూర్‌పల్లి చౌరస్తాలో కొంతసేపు నిలుచుంటే చాలు, మన ఊళ్లు ఎంత మారిపోయాయో తెలుస్తుంది. కంపెనీల కార్లు, కళాశాలల బస్సులు, ఇసుక లారీలు ఒకదాని వెంట ఒకటి పోతుంటాయి. కొద్ది దూరములోనే నగరము చుట్టూ తిరిగే 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు. ఒక ప్రక్క మేడ్చల్ మీదుగా నాగపూరు రహదారి, మరొక ప్రక్క శామీర్‌పేట మీదుగా కరీంనగర్ రహదారి. బడికైనా, అంగడికైనా, ఆరాధనకైనా మనము ఈ రోడ్ల మీదనే వెళ్లాలి. కనుక కారు ప్రమాదములో శరీరానికి ఏమి జరుగుతుందో, ప్రాణము నిలపడానికి ఎవరెవరు పాటుపడతారో ప్రతి కుటుంబము తెలుసుకోవడము మంచిది.

వేగముగా పోయే కారు ఒక్కసారిగా ఆగితే లోపల ఉన్న మనిషి ఆగడు. బెల్టు పెట్టుకోకపోతే రొమ్ము స్టీరింగుకు, తల అద్దానికి, మోకాళ్లు ఎదుటి డాష్‌బోర్డుకు కొట్టుకుంటాయి. మోకాలికి తగిలిన దెబ్బకు తుంటి కీలు కూడా తప్పిపోవచ్చును. ఒడిలోని బిడ్డను తల్లి ఎంత గట్టిగా పట్టుకొన్నా ఆ వేగము ముందు ఆమె పట్టు నిలువదు. పైకి కనబడే రక్తము కంటె కనబడని రక్తము మరింత అపాయకరము. కాలేయము గాని ప్లీహము గాని చిట్లితే రక్తము కడుపులోనే కారుతుంది. తొడ ఎముక విరిగితే చర్మము చిట్లకుండానే లీటరుకు పైగా రక్తము లోలోపల పోవచ్చును. “నాకేమీ కాలేదు” అని లేచి నిలబడినవాడు కొంతసేపటికి కూలిపోవడానికి ఇది ఒక కారణము. అందుకే వైద్యులు మొదటి గంటను ‘గోల్డెన్ అవర్’ అంటారు.

ఆ గంటలో గాయపడినవాని దగ్గర ముందుగా ఉండేది డాక్టరు కాదు, దారిన పోయే మనమే. పోలీసు కేసు చుట్టుకుంటుందనే భయముతో ఎందరో తప్పుకొని పోతారు. ఆ భయము ఇక అక్కరలేదు. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు సహాయము చేసినవారిని వేధించకుండా కాపాడే నియమాలకు చట్టబలము ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టములో 134ఎ సెక్షను చేరింది. మంచి మనస్సుతో సహాయపడినవారు తమ పేరు చెప్పాలని గాని, సాక్షిగా రావాలని గాని ఎవరూ బలవంతము చేయకూడదు. మనము బైబిలులో చదువుకొన్న మంచి సమరయుని పేరుతోనే ఈ చట్టాన్ని పిలుస్తారు. ఇక 2025 నుండి, నిర్ణయించిన ఆసుపత్రులలో ప్రమాద బాధితునికి ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా చికిత్స చేసే కేంద్ర పథకము కూడా ఉంది.

మరి మనము చేయవలసినదేమి? మొదట 108కి ఫోను చేయాలి. రక్తము కారుతున్నచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. మాటిమాటికి తీసి చూడకూడదు. గుచ్చుకొన్న గాజు పెంకును పెరకకూడదు. నిప్పు అంటుకోవడము వంటి అపాయము ఉంటే తప్ప కాళ్లు చేతులు పట్టి ఆటోలోకి ఎత్తకూడదు. మెడ ఎముక దెబ్బతిని ఉంటే ఆ ఎత్తడముతోనే జీవితాంతము కాళ్లు చేతులు పడిపోవచ్చును. దాహమన్నా నీళ్లు పోయవద్దు. అవి ఊపిరితిత్తులలోకి పోవచ్చును.

ఈ 108 సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులో ఆరంభమైంది. దానిని నెలకొల్పిన ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థ ప్రాంగణము బహదూర్‌పల్లికి ఎంతో దూరము లేని దేవరయాంజాల్‌లో ఉంది. అంబులెన్సులో వచ్చే టెక్నీషియను డాక్టరు కాకపోయినా మెడకు పట్టీ వేయడము, ఆక్సిజన్ పెట్టడము, విరిగిన కాలు కదలకుండా కట్టడము నేర్చుకొన్నవాడు. తరువాతి పని ఆసుపత్రిది. ఊపిరి, రక్తము చూసే అత్యవసర వైద్యుడు, మత్తు డాక్టరు, ఎముకల డాక్టరు, మెదడు వెన్నెముకల సర్జను, రాత్రంతా కనిపెట్టుకొని ఉండే నర్సు – అందరూ కలిస్తేనే ఒక ప్రాణము. పంజగుట్టలోని నిమ్స్ కూడా 1964లో ఎముకల ఆసుపత్రిగానే మొదలైంది. ఇంటికి వచ్చిన తరువాత కూడా తలకు దెబ్బ తగిలినవాడు వాంతులు చేసుకొన్నా, మత్తుగా పడి ఉన్నా వెంటనే తిరిగి తీసుకొనిపోవాలి. ఎముక విరిగినచోట బిగుతుగా నాటు కట్టు కట్టిస్తే రక్తము ఆడక కాలే పోవచ్చును.

ప్రాణము దక్కినంత మాత్రాన వైద్యము ముగియదు. మన చిత్తూరు సరిహద్దు దాటగానే ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ మేరీ వర్గీస్ అనే యువ వైద్యురాలు ఉండేవారు. 1954లో కారు ప్రమాదములో ఆమె వెన్నెముక దెబ్బతిని నడుము క్రింది భాగము చచ్చుబడింది. డాక్టర్ పాల్ బ్రాండ్ ప్రోత్సాహముతో ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషనులు చేశారు. అమెరికాలో శిక్షణ పొంది వచ్చి, తనవలె చచ్చుబడినవారు మళ్లీ బ్రతుకు సాగించేలా నేర్పే విభాగాన్ని నడిపారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రము వెలిసింది. 1972లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది.

మంచము మీద ఉన్నవారికి ఫిజియోథెరపీ డాక్టరు చెప్పిన వ్యాయామము నెలల తరబడి చేయించేది ఇంటివారే. ఆ ఇంటికి అన్నము పంపడము, ఆసుపత్రికి తోడు వెళ్లడము, గుడి మెట్ల ప్రక్కన చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారి కట్టించడము సంఘము చేయగల పని. ముందుగా ఈ ఆదివారము కారెక్కేటప్పుడు, వెనుక సీటులోని పెద్దమ్మతో సహా, అందరూ బెల్టు పెట్టుకొన్నారో లేదో చూడండి.