పాలకవర్గపు గడువును రాజ్యాంగమును

సంఘపు టెన్నిక లెప్పుడని సభ్యులు మమ్మడుగుచున్నారు. 2011వ సంవత్సరపు 97వ రాజ్యాంగసవరణము పాలకవర్గమునకు అయిదేండ్ల గడువు విధించి, అది ముగియకమున్నే యెన్నిక జరుపవలెననెను. అయితే సహకారసంఘములు రాష్ట్రముల యధికారములోని విషయము. అట్టి యధికారమును కుదించుటకు కనీసము సగము రాష్ట్రముల శాసనసభలు సమ్మతింపవలెను. ఆ సమ్మతి గైకొనలేదు. కావున 2021 జూలై 20న సుప్రీంకోర్టు ఆ భాగమును కొట్టివేసి, పెక్కు రాష్ట్రములకు వ్యాపించిన సంఘముల విషయమున మాత్రము నిలిపెను. తీర్పు న్యాయమే యని మా యభిప్రాయము. రైతునకు మిగిలిన చిక్కు వేఱు. ఎన్నిక వాయిదావేసి, తాము నియమించినవారిచేత సంఘమును నడిపించు ప్రభుత్వమును ప్రశ్నించుటకు గ్రామసంఘమునకు ఇపుడు రాష్ట్రచట్టమే ముఖ్యాధారము. సంఘము నేర్పఱచుకొను హక్కు మాత్రము 19వ అధికరణమున నట్లే యున్నది. సభ్యులు నిబంధనావళిని జదివి, గడువు తేదీని మహాజనసభలో వ్రాతమూలముగా నడుగవలయును.